ఈగ రెక్క చేతికందిందా? టిట్మస్ ఫ్లై స్టీరియో టెస్ట్ సమీక్ష

పిల్లల కంటి డాక్టర్ల గదుల్లో తరచూ కనిపించే పుస్తకం ఇది, రెండు కళ్లూ కలిసి లోతును పట్టుకుంటున్నాయో లేదో చూసే పరీక్ష. తెరవగానే ఒక పేజీ నిండా ఒళ్లు జలదరించే పెద్ద ఈగ. పక్క పేజీలో చిన్న వలయాల గడులు, జంతువుల బొమ్మల వరసలు. దాంతోపాటు ఒక జత పోలరాయిడ్ కళ్లద్దాలు. వాడుకలో అందరూ టిట్మస్ ఫ్లై అనే అంటారు. ఆ పేరు అమెరికాలోని టిట్మస్ ఆప్టికల్ కంపెనీ నుంచి వచ్చింది. ఇప్పుడు షికాగోకి చెందిన స్టీరియో ఆప్టికల్ కంపెనీ దీన్ని స్టీరియో ఫ్లై టెస్ట్ పేరుతో అమ్ముతోంది.

కొత్తగా క్లినిక్ పెట్టేవాళ్లు, ఆప్టికల్ షాపులో పరీక్ష గది నడిపేవాళ్లు, బడి పిల్లలకు శిబిరాలు పెట్టే సంస్థలు దీన్ని కొనాలా వద్దా అంటే, కొనొచ్చు. మూడేళ్ల పిల్లాడి చేత కూడా జవాబు చెప్పించగల పరీక్షలు చాలా తక్కువ, వాటిలో ఇదొకటి. అయితే ఈగను చూపించి, పిల్లాడు ఉలిక్కిపడగానే ‘రెండు కళ్లూ బాగా కలిసి పనిచేస్తున్నాయి’ అని రాసేసే అలవాటుంటే మాత్రం డబ్బు దండగ. ఈ పుస్తకంలో ఒంటికన్నుతో కూడా చెప్పేయగల జవాబులు కొన్ని ఉన్నాయి. అవి ఏవో, వాటిని ఎలా పట్టుకోవాలో తెలిసినవాళ్ల చేతిలోనే ఇది పనికొస్తుంది.

ఇది కొలిచేది ఏమిటి

రెండు కళ్ల మధ్య ఎడం పెద్దవాళ్లలో దాదాపు 6 సెంటీమీటర్లు. అందుకే ఒకే వస్తువును రెండు కళ్లూ కొద్దిగా వేర్వేరు కోణాల్లో చూస్తాయి. ఆ తేడాను బట్టి మెదడు లోతును లెక్కగడుతుంది. దీన్నే స్టీరియో చూపు అంటాం. అలాగని ఒక కన్ను మూసుకుంటే లోకం చదునైపోదు. ముందున్నది వెనకదాన్ని కప్పడం, దూరం పోయేకొద్దీ చిన్నదైపోవడం, రోడ్డు అంచులు దగ్గరికి రావడం, నీడలు, దూరపు కొండలు మసకబారడం, తల కదిపితే దగ్గరివి జరిగిపోయి దూరానివి నిలకడగా ఉండడం, ఇవన్నీ ఒంటికంటికీ అందే ఆధారాలే. చిన్నప్పటి నుంచీ ఒక కంటి చూపే ఉన్నవాళ్లు వీటితోనే బండి నడుపుతారు, షటిల్ ఆడతారు. వాళ్లకు చిక్కు వచ్చేది ఎక్కువగా చేతికందే దూరంలోనే: సూదిలో దారం ఎక్కించడం, గ్లాసులో టీ పోయడం, ప్లగ్గును స్విచ్చుబోర్డు కన్నాల్లో పెట్టడం.

ఎందుకు చేతికందే దూరంలోనే? లెక్క చూస్తే తెలుస్తుంది. రెండు వస్తువుల మధ్య కనిపెట్టగల కనీస ఎడం కావాలంటే, రెండు కళ్లూ పట్టుకోగల అతి చిన్న కోణపు తేడాను (స్టీరియో కోణం, రేడియన్లలో) దూరంతో రెండుసార్లు గుణించి, కళ్ల మధ్య ఎడంతో భాగించాలి. డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను. ఈ పుస్తకంలో చివరి గడి 40 ఆర్క్ సెకన్లు. అది చెప్పగలిగినవారు 40 సెంటీమీటర్ల దూరంలో అర మిల్లీమీటరు ఎత్తుపల్లాన్ని పట్టుకుంటారు. ఒక మీటరు దూరంలో అది 3 మిల్లీమీటర్లు అవుతుంది. 10 మీటర్లకు 32 సెంటీమీటర్లు. 100 మీటర్లకు వెళ్లేసరికి ఏకంగా 32 మీటర్లు, అంటే అక్కడ స్టీరియో చూపు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఎదురుగా దూరం నుంచి వచ్చే లారీని అంచనా వేయడంలో రెండు కళ్ల వాటా తక్కువ. సూది దగ్గర మాత్రం సింహభాగం వాటిదే.

మిగతా ఆధారాలన్నీ తీసేసి ఈ ఒక్కదాన్నే కొలవాలన్నది పుస్తకం ఉద్దేశం. ఒకే పేజీలో రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. ఒక్కోటి ఒక్కో దిశలో ధ్రువణం చేసి, అంటే దాని వెలుగు ఒకే దిశలో కంపించేలా, ముద్రించి ఉంటుంది. కళ్లద్దాల్లో ఒక అద్దం ధ్రువణ అక్షం 45 డిగ్రీలు, రెండోది 135. దాంతో కుడి కంటికి ఒక బొమ్మ, ఎడమ కంటికి మరో బొమ్మ చేరతాయి. రెండు బొమ్మల మధ్య అడ్డంగా ఉన్న ఎడమే పరీక్ష అంతా.

ఈగ

ఈగ రెక్కల దగ్గర ఆ ఎడం 3000 ఆర్క్ సెకన్లకు పైనే, అంటే పేజీ మీద దాదాపు 6 మిల్లీమీటర్లు. ఇది చాలా మొరటు కొలత. రెక్కలు పెద్దవాళ్లకు పేజీ నుంచి సుమారు మూడున్నర సెంటీమీటర్లు పైకి లేచినట్టు కనిపిస్తాయి. చిన్నపిల్లల కళ్ల మధ్య ఎడం తక్కువ కాబట్టి, అది 5 సెంటీమీటర్లే అనుకుంటే, రెక్క ఇంకాస్త పైకి, నాలుగు సెంటీమీటర్ల ఎత్తుకు తేలుతుంది. అందుకే పిల్లలు పెద్దవాళ్లకన్నా పైన వేళ్లు మూస్తే తప్పు అనుకోకూడదు.

‘కనబడుతోందా నాన్నా?’ అని అడగడం పరీక్ష కాదు. ‘రెక్క రెండు వేళ్లతో పట్టుకో అమ్మా’ అనాలి. వేళ్లు ఎక్కడ కలుస్తాయో పక్కనుంచి చూడాలి. పేజీకి పైన గాలిలో చిటికె వేసినట్టు మూస్తే స్టీరియో ఉన్నట్టు. వేళ్లు నేరుగా వచ్చి పేజీని తాకితే లేనట్టు. కొందరు పిల్లలు చెయ్యి వెనక్కి లాక్కుని ఏడుపు లంకించుకుంటారు. అది బలమైన సూచనే గానీ, రుజువు కాదు. ఈగ బొమ్మలో నీడలున్నాయి, వెంట్రుకలున్నాయి, కాళ్లు ఒకదాన్నొకటి కప్పుతున్నాయి. ఒక కంటితో చూసినా అసహ్యంగానే ఉంటుంది.

అనుమానం వస్తే పుస్తకాన్ని తలకిందులుగా, 180 డిగ్రీలు తిప్పి మళ్లీ రెక్కలు పట్టుకోమనాలి. ఇలా తిప్పినప్పుడు ఏ బొమ్మ ఏ కంటికి చేరాలో అది మారదు, ఎడం దిశ మాత్రం తారుమారవుతుంది. నిజంగా స్టీరియోతో చూస్తున్న పిల్లాడికి రెక్కలు పేజీ వెనక్కి పోతాయి, ‘లోపలికి వెళ్లిపోయింది’ అంటాడు, లేదా వేలితో పేజీని పొడుస్తాడు. మొదటిసారి లాగే గాలిలో పట్టుకున్నాడంటే మనల్ని మెప్పించడానికి పట్టుకున్నాడని అర్థం. 90 డిగ్రీలు తిప్పితే ఎడం నిలువుగా మారిపోతుంది కాబట్టి లోతు కనిపించకూడదు. ఈ పుస్తకంలో కంపెనీ చెప్పుకోని గొప్ప సదుపాయం ఇదే. అర నిమిషం పని. చాలామంది చేయరు.

జంతువులు

మూడు వరసలు, ఒక్కో వరసలో అయిదు బొమ్మలు, ఒకటి మాత్రమే ముందుకు వస్తుంది. 400, 200, 100 ఆర్క్ సెకన్లు. లెక్కలు, ‘పైన కింద’ మాటలు ఇంకా సరిగా రాని నాలుగేళ్లవాళ్లకు ఇది తగిన భాగం.

ఇక్కడ తయారుచేసినవాళ్లు ఒక చిన్న వల పన్నారు. ప్రతి వరసలో ఒక బొమ్మను కావాలనే మిగతావాటికన్నా ముదురుగా ముద్రించారు. స్టీరియో లేని పిల్లలు ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చటుక్కున ఆ నల్లటి దాన్నే చూపిస్తారు. వరసగా మూడింటిలోనూ ముదురు బొమ్మనే చూపించారంటే అది ఊహ కాదు, స్టీరియో లేదన్న జవాబే దాదాపు. ఈ సంగతి సహాయకులకు ముందే చెప్పి ఉంచితే మంచిది. తెలియకపోతే ‘తప్పు, తప్పు, తప్పు’ అని మాత్రమే రాస్తారు, దేన్ని చూపించారో రాయరు. పనికొచ్చే సమాచారం అక్కడే పోతుంది.

వలయాలు, వాటి లొసుగు

అసలు కొలత ఇక్కడుంది. తొమ్మిది గడులు. ఒక్కో గడిలో పైన, కింద, కుడి, ఎడమ నాలుగు వలయాలు. ఒకటే పైకి తేలాలి. వరసగా 800, 400, 200, 140, 100, 80, 60, 50, 40 ఆర్క్ సెకన్లు. గుడ్డిగా చెప్పినా నాలుగింట ఒకటి తగులుతుంది. అందుకే ఒక తప్పుకే ఆపేయకుండా, వరసగా రెండు తప్పులు వచ్చేదాకా వెళ్లి, అంతకు ముందు సరిగా చెప్పిన గడినే ఫలితంగా రాసుకోవాలి.

లొసుగు మొదటి గడుల్లో ఉంది. 800 ఆర్క్ సెకన్ల గడిలో తేలే వలయం రెండు బొమ్మల్లోనూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు పక్కకు జరిగి ఉంటుంది. మిగతా మూడు వలయాలు తమ చోట సరిగ్గా మధ్యలో కూర్చుంటే, ఇది కాస్త పక్కకు ఒరిగి కనిపిస్తుంది. ఒక కన్ను పూర్తిగా మూసి చూసినా ఆ ఒరుగుదల తెలిసిపోతుంది. మూడో నాలుగో గడి దాకా తెలివైన పిల్లలు ఇలా లాక్కొచ్చేస్తారు. 40 ఆర్క్ సెకన్ల దగ్గర ఆ జరుగుడు మొత్తం 0.08 మిల్లీమీటరు, అక్కడ ఆ ఎత్తు సాగదు. కాబట్టి ‘140 దాకా చెప్పాడు’ అన్న ఫలితం చూసి స్టీరియో ఉందని ధీమా పడకూడదు. 80, 60 దాటినవారి సంగతి వేరు, అక్కడ మోసానికి చోటు దాదాపు లేదు.

పట్టుకునే దారులు మూడు. ‘ఏది తేడాగా ఉంది?’ అని ఎప్పుడూ అడగొద్దు, ‘ఏది నీ వైపు పైకి లేచింది?’ అనండి. మొదటి ప్రశ్నకు ఒరిగిన వలయం కూడా సరైన జవాబే కదా. రెండోది, పుస్తకం తలకిందులు చేసి అదే గడిని మళ్లీ అడగాలి. ఇప్పుడు ఆ వలయం లోపలికి దిగాలి. ‘ఇంకా పైకే ఉంది’ అంటే ఒరుగుదలను చదువుతున్నారు. మూడోది, కళ్లద్దాలు పెట్టకముందు పుస్తకాన్ని తెరవకండి. అద్దాలు లేకుండా చూస్తే తేలాల్సిన వలయం రెండుగా, మసగ్గా కనిపించి జవాబు తనంతట తానే చెప్పేస్తుంది. గదిలోకి రాగానే పిల్లలకు బల్ల మీది పుస్తకం తిరగేసే అవకాశం ఇవ్వడం మన క్లినిక్కుల్లో మామూలే.

ఇంకో చిక్కు, తొమ్మిది గడుల జవాబులు ఎప్పటికీ ఒకటే. అందుకే ఇక్కడ రాయడం లేదు. వరసలో నిలబడ్డ తమ్ముడు అక్క చెప్పినవి విని అప్పజెప్పేయగలడు. ప్యాచింగ్ కోసం, అంటే బాగున్న కంటికి పట్టీ వేసే చికిత్స కోసం, మూడు నెలలకోసారి వచ్చే పిల్లలకైతే కంఠతా వచ్చేస్తాయి. మధ్యలోంచి మొదలుపెట్టి గడులు ముందువెనకలుగా అడగడం తప్ప వేరే మందు లేదు.

చేసే పద్ధతి

కవర్ టెస్టు (ఒక్కో కన్ను మూసి తెరిచి మెల్ల ఉందేమో చూసేది) కన్నా ముందే దీన్ని చేయాలి. ఒక కన్ను మూసి తెరిస్తే, అప్పుడప్పుడు బయటికి జారే మెల్ల ఉన్న పిల్లల్లో కళ్ల జట్టు తెగిపోయి, మళ్లీ కలవడానికి టైమ్ పడుతుంది. అప్పుడు పుస్తకం చూపిస్తే ఉన్న స్టీరియో కూడా లేనట్టు వస్తుంది. చూపు చార్టు కూడా ఒక్కో కన్ను మూసే చదివిస్తాం కాబట్టి, వీలైతే దానికీ ముందే. కంట్లో డ్రాప్స్ వేశాక అసలు చేయొద్దు, దగ్గరి చూపు మసకబారి ఫలితం చెడుతుంది.

రోజూ వాడే కళ్లజోడు ఉంటే పెట్టుకోవాలి, దాని మీద పోలరాయిడ్. నలభై దాటినవారికి చత్వారపు అద్దం తప్పనిసరి. ప్రోగ్రెసివ్ అద్దాలైతే (పైన దూరానికి, కింద దగ్గరికి పవర్ ఉండేవి) గడ్డం కొద్దిగా ఎత్తి, చదివే భాగంలోంచి చూస్తున్నారో లేదో గమనించండి. రెండు కళ్లూ సమానంగా మసకగా ఉన్నప్పటికన్నా, ఒక కన్ను మాత్రమే మసకైతే స్టీరియో ఎక్కువ పడిపోతుంది. అందుకే ఒక కంటికి పవర్ తేడాగా ఉన్న పిల్లాడికి అద్దాలు లేకుండా పరీక్షించి ‘స్టీరియో లేదు’ అనడం అన్యాయం. దూరానికి ఒక కన్ను, దగ్గరికి ఒక కన్ను అని లెన్సులు పెట్టుకున్నవాళ్లకు, శుక్లాల ఆపరేషన్‌లో అలాగే పవర్ పెట్టించుకున్నవాళ్లకు కూడా ఫలితం తగ్గే వస్తుంది.

పుస్తకాన్ని 40 సెంటీమీటర్ల దూరంలో, ముఖానికి సమాంతరంగా పట్టాలి. ఒక నూలుతాడుకు 40 దగ్గర ముడి వేసి పుస్తకం మూలకు కట్టేస్తే రోజూ స్కేలు వెతకక్కర్లేదు. దూరం మారితే అంకెలూ మారతాయి. 30 సెంటీమీటర్లకు దగ్గరగా లాక్కుంటే 40 ఆర్క్ సెకన్ల గడి 53 అవుతుంది, 50కి జరిపితే 32. పిల్లలు ఎలాగూ పుస్తకాన్ని ముక్కుకు దగ్గరగా లాక్కుంటారు. వాళ్లకు తేలికైన పరీక్ష పెట్టి గట్టి ఫలితం రాసినట్టవుతుంది.

వెలుతురు బాగా ఉండాలి, పోలరాయిడ్ అద్దాలు సగానికి పైగా వెలుగును తినేస్తాయి. అయితే నెత్తిమీది ట్యూబులైటు నిగనిగలాడే పేజీ మీద పడి మెరవకూడదు. మెరుపు కింద వలయం కనిపించక తప్పు చెప్పినవారు ఎందరో. పరీక్షించేవాళ్లు ఒకసారి పేషెంటు కూర్చునే చోట కూర్చుని చూస్తే ఎక్కడ మెరుస్తోందో తెలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది తల వాలిపోవడం వల్ల. ఈ అద్దాలు నిటారుగా ఉన్నంతవరకే రెండు బొమ్మలూ విడివిడిగా ఉంటాయి. తల 10 డిగ్రీలు వాలితే అవతలి కంటి బొమ్మలో 3 శాతం వెలుగు ఇవతలి కంట్లోకి చొరబడుతుంది. 20 డిగ్రీలకు అది 12 శాతం దగ్గరికి వెళ్తుంది. 45కి రెండు బొమ్మలూ రెండు కళ్లకూ సగం సగం, పరీక్షే లేదు. కంటి కండరం బలహీనపడి మెడ పక్కకు వంచి చూసే పిల్లలు సరిగ్గా ఈ పరీక్షకు వచ్చేవాళ్లే. వాళ్లకు మెడ సరిచేస్తే కళ్లు విడిపోతాయి, సరిచేయకపోతే బొమ్మలు కలిసిపోతాయి. వాళ్లు తల ఎంత వంచారో పుస్తకాన్నీ అంతే వంచి పట్టడం ఒక్కటే మార్గం. అప్పుడు అద్దాల అక్షాలు, పేజీ అక్షాలు మళ్లీ ఒక దారికి వస్తాయి.

కళ్లద్దాలు సరిగా ఉన్నాయో లేదో చూడ్డానికి రెండు జతలు కావాలి. ఒక జత కుడి అద్దాన్ని మరో జత ఎడమ అద్దం మీద, రెండూ నిటారుగా ఉంచి పెడితే దాదాపు నల్లగా మూసుకుపోవాలి. లేత బూడిద రంగు మిగిలితే అద్దం పాడైనట్టే. కళ్లద్దాలు పోయాయని సినిమా హాలు త్రీడీ అద్దాలు వాడే ప్రయోగాలు వద్దు. మల్టీప్లెక్సుల్లో ఎక్కువగా ఇచ్చేవి వృత్తాకార ధ్రువణంతో పనిచేసేవి. వాటిలోంచి ఈ పేజీ చూస్తే రెండు కళ్లకూ రెండు బొమ్మలూ కలగాపులగంగా కనిపిస్తాయి.

ఫలితం చదవడం

40 ఆర్క్ సెకన్ల దాకా చెప్పేశారంటే దగ్గరి దూరంలో రెండు కళ్ల జట్టు బాగుందని ధైర్యంగా అనొచ్చు. మూడు నాలుగేళ్ల పిల్లలు అక్కడిదాకా రాకపోయినా కంగారు పడక్కర్లేదు. వాళ్లకు ఓపిక సరిపోదు, ప్రశ్న అర్థం కాదు, వయసుతో ఫలితం మెరుగవుతుంది. ఈగ వచ్చి, జంతువులు వచ్చి, వలయాలు మధ్యలో ఆగిపోవడం ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన రకం. పైకి కనిపించనంత చిన్న మెల్ల, లేదా ఒక కంటిలో మందగించిన చూపు ఉన్నవాళ్లలో మొరటు స్టీరియో మిగిలి, నాజూకు స్టీరియో పోవడం మామూలు. ఈగతో ఆపేసేవాళ్లు జారవిడిచేది వీళ్లనే. చికిత్స చేస్తే ఎక్కువ ఫలితం దక్కే వయసు, ఏడెనిమిదేళ్ల లోపు, వీళ్లకే గడిచిపోతుంది.

రెండో గుడ్డిచోటు దూరం. ఈ పుస్తకం దగ్గరి చూపునే కొలుస్తుంది. అప్పుడప్పుడు కన్ను బయటికి జారే పిల్లలు దగ్గర చూసేటప్పుడు కళ్లను బాగానే పట్టి ఉంచుతారు, 40 కూడా చెప్పేస్తారు. ఎండలో ఆకాశంలోకో, వీధి చివరకో చూసేటప్పుడు జారుతుంది. ఇంట్లోవాళ్లు ‘ఎండలోకి వెళ్తే ఒక కన్ను మూసుకుంటాడండీ’ అని చెబుతుంటే, ఈ పుస్తకం ఫలితం బాగుందని పంపించేయకండి. 3 మీటర్ల దూరంలో 400, 200, 100, 60 ఆర్క్ సెకన్లు చూసే డిస్టెన్స్ రాండాట్ లాంటి పరీక్ష అందుకే ఉంది.

పోటీదారులు

పక్కన పెట్టి చూడాల్సిన మొదటిది అదే కంపెనీ రాండాట్ పుస్తకం. దాని వలయాలు 400 నుంచి 20 ఆర్క్ సెకన్ల దాకా వెళ్తాయి, ఇక్కడిదానికన్నా రెట్టింపు నాజూకు. ఇంకో పేజీలో చుక్కల గుంపులో దాగిన ఆకారాలున్నాయి, ఒక కంటితో చూస్తే చుక్కలు తప్ప మరేమీ కనబడవు. 1960లో బేలా యూలెస్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చేసిన చుక్కల బొమ్మల ఆలోచన అది: గీత లేదు, నీడ లేదు, రెండు కళ్లూ కలిస్తేనే ఆకారం. ఒంటికంటి ఎత్తులకు అసలైన విరుగుడు అదే. కాకపోతే దాని వలయాలకు అంచులున్నాయి, కాబట్టి అక్కడా పూర్తి నమ్మకం పనికిరాదు. నమ్మాల్సింది ఆకారాలను. పెద్దవాళ్లకు, పదేళ్లు దాటిన పిల్లలకు రాండాట్ మేలు. మూడేళ్లవాడి చేత చుక్కల్లో ఆకారం చెప్పించడం మాత్రం తపస్సే. ఈగకు ఉన్న ఆకర్షణ దానికి లేదు.

లాంగ్ కార్డు పోస్టుకార్డంత ఉంటుంది, కళ్లద్దాలు అక్కర్లేదు. మొదటి రకంలో పిల్లి 1200, నక్షత్రం 600, కారు 550 ఆర్క్ సెకన్లు. అద్దాలు పీకి పారేసే రెండేళ్ల పిల్లలకు ఇదే దిక్కు. కార్డును ఏమాత్రం వాల్చినా, ఊపినా గీతలు మెరిసి గుట్టు బయటపడుతుంది, ఎదురుగా నిటారుగా కదలకుండా పట్టాలి. కొలత మొరటుది, ఉందా లేదా అనడానికే.

టీఎన్ఓ అనే చుక్కల బొమ్మల పరీక్ష ఎరుపు, ఆకుపచ్చ అద్దాలతో చేసేది, 480 నుంచి 15 ఆర్క్ సెకన్ల దాకా. నిజాయితీ ఎక్కువ, కరుకు కూడా ఎక్కువ. ఒక కంటికి ఎరుపు, ఇంకో కంటికి పచ్చ పెట్టేసరికి కళ్ల జట్టు మీద భారం పడి, మామూలువాళ్లకే ఫలితం ఒక మెట్టు తగ్గి రావచ్చు. ఫ్రిస్బీ పలకలు వీటన్నిటికీ భిన్నం. 6, 3, 1.5 మిల్లీమీటర్ల మందం పారదర్శక పలకలకు అటూ ఇటూ ముద్రించిన నిజమైన లోతు, అద్దాలు అక్కర్లేదు. అయితే లోతు నిజమైనది కాబట్టి తల కొద్దిగా కదిపినా ఒంటికన్నుకు జవాబు దొరికిపోతుంది. టిట్మస్‌లో ఆ బెడద లేదు, పేజీ చదును కాబట్టి తల కదిపితే ఈగే మన వెంట తిరిగినట్టు కనిపిస్తుంది తప్ప గుట్టు బయటపడదు.

శిబిరాలకు పనికొస్తుందా

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో బడి పిల్లలతో మొదలైన వైఎస్సార్ కంటి వెలుగు లాంటి పెద్ద కార్యక్రమాలు చూశాక చాలా సంస్థలు సొంతంగా బడి శిబిరాలు పెడుతున్నాయి. అక్కడ మొదటి పని ఒక్కో కన్ను మూసి చార్టు చదివించడమే, ఈ పుస్తకం దానికి బదులు కాదు. ఒక కన్ను మందగించినా ఈగ కనిపించవచ్చని పైన చూశాం కదా. చార్టు సరిగా చదవని చిన్నపిల్లలకు, మెల్ల అనుమానం ఉన్నవాళ్లకు మాత్రం పక్కన ఒక బల్ల వేసి దీన్ని పెట్టుకుంటే ఉపయోగం. వరసలో ఉన్నవాళ్లకు జవాబులు వినపడనంత దూరంలో ఆ బల్ల ఉండాలి. ఆరుబయట చెట్టుకింద కూర్చోబెడితే ఆకుల మధ్య నుంచి పడే ఎండ మచ్చలు పేజీ మీద ఆడి విసిగిస్తాయి, వరండా మేలు.

కొనేటప్పుడు, కొన్నాక

ధర దిగుమతి చేసుకునే డీలరును బట్టి మారుతుంది. కొటేషన్‌లో జీఎస్టీ కలిపారా, కళ్లద్దాలు ఎన్ని జతలు, పిల్లల సైజు ఉందా, విడిగా కళ్లద్దాలు మాత్రమే దొరుకుతాయా అని ముందే రాయించుకోండి. కళ్లద్దాలు పుస్తకం కన్నా ముందే పాడవుతాయి. పెద్దల సైజు ఒక్కటే కొంటే పిల్లల ముక్కు మీద నుంచి జారి, పై అంచు మీదుగా చూసేస్తారు, పరీక్ష పేరుకే మిగులుతుంది.

పుస్తకం చేతికి రాగానే, డబ్బు కట్టేముందే వీలైతే, చూడాల్సింది ఇది. కళ్లద్దాలు పెట్టుకుని ఒక కన్ను మూసి వలయాలు చూడండి. చివరి నాలుగు గడుల్లో ఏ వలయమూ మిగతావాటికన్నా మసగ్గా, రెండు గీతలుగా కనిపించకూడదు. కనిపిస్తే అవతలి బొమ్మ లీకవుతోంది, అద్దాలదో పేజీదో లోపం. వేరే జత పెట్టి చూసినా అలాగే ఉంటే పుస్తకం తిప్పి పంపేయండి.

పేజీని స్పిరిట్ దూదితో తుడవొద్దు, శానిటైజరు రాసుకున్న తడి చేతులతో తాకనివ్వొద్దు. పొడి మెత్తటి గుడ్డ చాలు. రెక్క పట్టుకోబోయి పిల్లలు పేజీని గోళ్లతో గీరుతుంటారు. ఈగ మీద గీత పడితే పెద్ద నష్టం లేదు గానీ, ఏదో ఒక వలయం పక్కన పడిందంటే ఇక ఆ గడి ఒంటికన్నుకు గుర్తుగా మిగిలిపోతుంది, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. వలయాల పేజీ వైపు చెయ్యి రాకుండా ఒక అట్టముక్క కప్పి ఈగను చూపించడం మంచి అలవాటు. మే నెల ఎండలో కారు వెనక సీట్లో వదిలేస్తే పోలరాయిడ్ పొర ఉబ్బి విడిపోయే ప్రమాదం ఉంది. శిబిరాలకు తీసుకెళ్లేవాళ్లు బండిలో వదలకుండా వెంటే ఉంచుకోవాలి.

కేసు షీటులో ‘స్టీరియో ఉంది’ అని రెండు ముక్కలు రాసి వదిలేస్తే తర్వాత చూసేవాళ్లకు ఏమీ తెలియదు. ‘టిట్మస్, 40 సెం.మీ., సొంత అద్దాలతో, ఈగ ఉంది, తిప్పినప్పుడు లోపలికి, జంతువులు 3/3, వలయాలు 6/9, 80 ఆర్క్ సెకన్లు’ అని ఒక్క వరస రాస్తే, ఆరు నెలల తర్వాత అదే పిల్లాడు వచ్చినప్పుడు ప్యాచింగ్ పనిచేసిందో లేదో ఆ వరస పక్కన కొత్త వరస పెట్టి పోల్చుకోవచ్చు.